కొండ మీది దొరతనం
(మన్యంలో భూస్వామ్య వర్గం: ఒక పరిశీలన)

బి.ఎస్సీ., ఆఖరి సంవత్సరం

సైన్సు చదివేవాడికి చరిత్రతో ఏం పని అని మిత్రులు నవ్వవచ్చు. మా హాస్టల్లో నవ్వారు కూడా. నేను రైతు బిడ్డను. మాది మాడుగుల పక్కన, కొండ కింది పల్లె. మా పొలం గట్టు మీద నిలబడితే పాడేరు కొండలు కనిపిస్తాయి. ఇరవై ఏళ్ళు వాటిని చూస్తూనే పెరిగాను కాని, ఆ కొండల మీద భూమి ఎవరిది అన్న ప్రశ్న నాకు ఎన్నడూ రాలేదు. కిందటి వేసవిలో మా ఇంట్లో ఒక పాత పెట్టె తెరిచినప్పుడు వచ్చింది. పెట్టె సంగతి చివర చెబుతాను. దానికి జవాబు వెతుకుతూ లైబ్రరీలో చదివినదీ, ఊళ్ళో పెద్దల వల్ల విన్నదీ కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను.

1. ఎవరీ దొరలు?

భూస్వామి అంటే భూమి ఎక్కువ ఉన్నవాడు అని మనం సాధారణంగా అనుకుంటాం. అది సగం నిజమే. భూమి ఒక్కటే మనిషిని దొరను చెయ్యదు.

ఇంగ్లండు దేశాన్నే చూడండి. అక్కడ ప్రభువుల కింద, సామాన్య రైతుల పైన ఒక వర్గం ఉండేది. వాళ్ళు నాగలి పట్టరు. కౌలు మీద బతుకుతారు. ఐతే వాళ్ళ బలం కౌలు డబ్బులో మాత్రమే లేదు. ఊళ్ళో చిన్న నేరాలకు తీర్పు చెప్పే న్యాయాధికారులు వాళ్ళే. పార్లమెంటు మెంబర్లూ చాలావరకు వాళ్ళే. 1711లో ఒక చట్టం చేశారు. కౌంటీ తరఫున పార్లమెంటుకు పోయేవాడికి భూమి మీద ఏడాదికి 600 పౌన్ల ఆదాయం ఉండి తీరాలని దాని సారాంశం. ఈ ఆస్తి నిబంధన పూర్తిగా పోయింది 1858లో. అంటే భూమి ఉన్నవాడే చట్టం చేస్తాడు, ఆ చట్టమే అతని భూమిని కాపాడుతుంది.

దీన్నిబట్టి నేనొక కొలత పెట్టుకున్నాను. లాబరేటరీలో తెలియని లవణం ఇస్తే వరసగా పరీక్షలు చేస్తాం కదా, అలాగే దొరతనానికి మూడు పరీక్షలు. ఒకటి, ఇతరుల పంటలో వాటా తీసుకోగలడా? రెండు, ఇతరుల మీద తీర్పు చెప్పగలడా? మూడు, కూలి ఇవ్వకుండా ఇతరుల చేత పని చేయించుకోగలడా? ఈ మూడూ ఉంటే వాడు దొర. ఎన్ని ఎకరాలు ఉన్నాయన్నది తరవాతి మాట.

2. పై మెట్టు: జమీందారు

ఉత్తర సర్కారులు 1765-66 సంవత్సరాల్లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. 1794 జూలై 10న పద్మనాభం యుద్ధంలో విజయనగరం విజయరామరాజు కంపెనీ సేనల చేతిలో మరణించాడు. అప్పటిదాకా విజయనగరం కింద అణిగి ఉన్న కొండ జమీందారులు చాలామంది తిరిగి తమ తమ గద్దెలెక్కారు. 1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత పైసలా చేసింది. జమీందారు ఏటా ఇంత పేష్కష్ కట్టాలి, ఆ మొత్తం ఇక మారదు. రైతు దగ్గర వసూలు చేసుకొనేది అతని ఇష్టం.

పడమటి కొండల్లో పెద్ద సంస్థానం జయపురం. దానికి 1803లో ఖరారైన పేష్కష్ 16,000 రూపాయలు. ఇంచుమించు నేటి కోరాపుట్ ప్రాంతమంతటికీ అంతే!

ఇక్కడ విద్యార్థులందరూ ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. 1931లో జయపురం గద్దెనెక్కిన విక్రమదేవ వర్మ గారు మంచి పండితుడు, తెలుగు సాహిత్యానికి పోషకుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు విరాళం ఇచ్చిన దాత. అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. మన జిల్లాల్లో సైన్సు చదువుకు ఆ విరాళం చేసిన మేలు చెప్పలేనిది. నేనా మేలును కాదనను. కాని లెక్క చూడండి. సర్కారుకు కట్టే పేష్కష్ పదహారు వేలు. ఒక్క యూనివర్సిటీకి ఇచ్చిన విరాళం దానికి ఆరు రెట్లకు పైన. ఆ డబ్బు ఎక్కడిది? కొండ మీద చోళ్ళు, సామలు పండించుకొనే రైతు శిస్తు కట్టినది, అడవి ఇచ్చినది. ఆ లాబరేటరీ బల్ల దగ్గర నిలబడ్డ విద్యార్థి దాత పేరు చదువుతాడు, చెల్లించినవాడి పేరు ఎక్కడా ఉండదు. భూస్వామ్య వర్గానికి దానం కూడా ఒక అధికారమే.

3. నడిమి మెట్టు: ముఠాదారు

జమీందారు కొండెక్కడు. మన్యం జ్వరమంటే అతనికీ భయమే. కాబట్టి కొండ మీద అతనికొక మనిషి కావాలి. ఆ మనిషే ముఠాదారు.

ముఠా అంటే కొన్ని ఊళ్ళ సముదాయం. దాని మీద వంశపారంపర్యంగా పెత్తనం చేసేవాడు ముఠాదారు. రైతుల దగ్గర శిస్తు వసూలు చేసి, పైవాడికి కట్టుబడి కింద కొద్ది మొత్తం చెల్లిస్తాడు. మిగిలినది అతనిది. ఊళ్ళో తగవు వస్తే తీర్పు అతనిది. దొంగలను పట్టివ్వడం, శాంతిభద్రతలు చూడడం అతని బాధ్యత. అతని పొలానికి ఊరివాళ్ళు వెట్టి చెయ్యాలి, ప్రయాణానికి కావిడి మొయ్యాలి. మూడు పరీక్షలూ నెగ్గాడు!

ఐతే ఇంగ్లండు దొరకూ ఇతనికీ ఒక పెద్ద తేడా ఉంది. ముఠాదారు చాలా చోట్ల గిరిజనుడే. రైతు తినే అంబలే అతనూ తింటాడు, రైతు మొక్కే దేవతకే మొక్కుతాడు. ఇటుకల పండగకు రైతులతో కలిసి వేటకు పోతాడు. వీపు మీద దెబ్బ కొట్టేవాడూ అతనే, కష్టం వస్తే ముందు నిలబడేవాడూ అతనే. దోపిడీదారు అని ఒక్క మాటతో తేల్చేస్తే ఇతను అర్థం కాడు. తరవాతి నూరేళ్ళ చరిత్రకు కీలకం ఈ రెండు ముఖాల్లోనే ఉంది.

4. ఫితూరీలు

కొండల్లో తిరుగుబాటును సర్కారు రికార్డుల్లో ఫితూరీ అన్నారు. ఆ ఫితూరీలను వరసగా చూస్తే, ఎక్కువసార్లు పై మెట్టుకూ నడిమి మెట్టుకూ తగాదా వచ్చినప్పుడే అవి పుట్టాయని తెలుస్తుంది.

గొలుగొండ జమీందారీ బకాయిల కింద 1837లో వేలానికి వచ్చింది. సర్కారే కొనేసింది. ముఠాదారులు ఊరుకోలేదు. 1845 నుంచి మూడేళ్ళు కొండలు రగిలాయి. ఆ రోజుల్లోనే రస్సెల్ అనే కమీషనరు సలహా మీద 1839లో 24వ నంబరు చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ భాగాలకు మామూలు చట్టాలూ కోర్టులూ వర్తించవు. అక్కడ కలెక్టరే గవర్నరు గారి ఏజెంటు. మనం ఇప్పటికీ 'ఏజెన్సీ' అనే మాట ఆ ఏజెంటు వల్ల వచ్చిందే.

గోదావరి వైపు రంపలో 1848లో సర్కారు ఒక మున్సబుదారును గుర్తించింది. అతను ముఠాదారుల భూములు లాక్కున్నాడు, కొందరిని వెళ్ళగొట్టాడు. కల్లు మీద చిగురుపన్ను వేశాడు. కొండల్లో కల్లు కొన్ని నెలల పాటు ఆహారమే. ఆపైన సర్కారు కల్లు హక్కును కంట్రాక్టరుకు పాడి ఇచ్చింది. 1879 మార్చిలో రంప లేచింది. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య వంటివారు నాయకులు. సర్కారు తిరుగుబాటును అణచి, చివరకు మున్సబుదారును తీసేసి, ముఠాదారులకు నేరుగా సనదులు ఇచ్చింది. అంటే ఫితూరీ వల్ల లాభపడినది నడిమి మెట్టు. అడుగున ఉన్న రైతు శిస్తు ఎక్కడిదక్కడే ఉంది.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడుకు అడ్డంకులు పెరిగాయి. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చాలీచాలని కూలితో జనాన్ని తోలాడు. అతనితో తగాదాలో బట్టిపనుకుల మునసబుగిరీ పోగొట్టుకున్న గాం గంటందొర, అతని తమ్ముడు మల్లుదొర అల్లూరి సీతారామరాజు పక్కన చేరారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి జరిగింది. 1924 మే 7న రాజును కాల్చి చంపేదాకా సాగిన ఈ కథ అందరికీ తెలిసిందే. నేను చెప్పదలచుకొన్నది ఒక్కటే. ముఠాదారుల్లో కొందరు రాజు వైపు ఉన్నారు, కొందరు సర్కారు వైపు నిలిచారు. సనదు పోయినవాడికీ సనదు ఉన్నవాడికీ దారులు వేరయ్యాయి. ఒక వర్గం ఎటు పోతుందన్నది దాని చేతిలో ఏమున్నదన్న దాన్నిబట్టే ఉంటుంది!

5. ఇరవై ఒక్క ఏళ్ళు

ఇప్పుడు ఈ వ్యాసానికి గుండెకాయ లాంటి ప్రశ్న. మైదానంలో జమీందారీలను రద్దు చేస్తూ మద్రాసు శాసనసభ చేసిన చట్టం 1948 నాటిది. కొండ మీద ముఠాలను రద్దు చేసి రైత్వారీలోకి మార్చిన రెగ్యులేషను 1969 నాటిది. నడుమ ఇరవై ఒక్క ఏళ్ళు. ఎందుకు?

నాకు తోచిన కారణాలు మూడు.

మొదటిది, చౌక. కొండ మీద తహసీల్దార్లనూ పోలీసులనూ పెట్టాలంటే జీతాలివ్వాలి, క్వినైను ఇవ్వాలి, రోడ్లు వెయ్యాలి. ముఠాదారుకైతే ఒక సనదు కాగితం చాలు.

రెండోది, కొలత లేకపోవడం. చాలా ఊళ్ళలో సర్వే జరగలేదు. రైతుకు పట్టా లేదు, గట్టు రాయి లేదు. కాగితం లేనివాడికి చట్టం ఏ హక్కు ఇచ్చినా అది నిలబడడానికి చోటుండదు.

మూడోది అన్నిటికంటె ముఖ్యం, ఓటు. మైదానంలో రైతులు సంఘాలు పెట్టుకొన్నారు. 1932 నుంచి 1937 దాకా, నడుమ కొన్ని నెలలు తప్ప, మద్రాసు ముఖ్యమంత్రిగా చేసిన బొబ్బిలి రాజా గారిని 1937 ఎన్నికల్లో ఆయన సొంత చోటనే వి.వి. గిరి గారు ఓడించారు. ఆ దెబ్బతోనే జమీందారుల రాజకీయం నేలకు దిగింది. టంగుటూరి ప్రకాశం గారి కమిటీ జమీందారీ సమస్య మీద 1938లో నివేదిక ఇచ్చింది. మరి కొండ మీద? 1839 చట్టం, 1874 షెడ్యూల్డు జిల్లాల చట్టం, 1935 చట్టంలోని 'పాక్షికంగా మినహాయించిన ప్రాంతం' అన్న ముద్ర, ఇవన్నీ గిరిజనుణ్ణి మన రాజకీయాలకు దూరంగా ఉంచాయి. కాపాడడానికే అన్నారు. కొంత కాపాడిన మాటా నిజమే. కాని నోరు లేకుండా కూడా చేశాయి. ఓటు ఉన్న రైతుకు 1948, ఓటు ఆలస్యంగా వచ్చిన రైతుకు 1969.

ఇంకొక తేదీ కూడా పక్కన పెట్టి చూడాలి. 1967 అక్టోబరు 31న శ్రీకాకుళం జిల్లా లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు భూస్వాముల తుపాకులకు బలి అయ్యారు. ఆపైన శ్రీకాకుళం కొండల్లో సాయుధ పోరాటం. ఆ నెత్తురు పారుతున్న సంవత్సరాల్లోనే, 1969లోనూ 1970లోనూ, ముఠాల రద్దూ, సెటిల్‌మెంటు రెగ్యులేషనూ, భూబదలాయింపు చట్టానికి పదునూ వచ్చాయి. చట్టం తనంతట తాను కొండెక్కలేదు.

6. కొత్త దొర

సరే, ముఠాదారు పోయాడు. కిందటేడు నేను చూసిన ఒక ముఠాదారు మనవడు కాఫీ తోటలో పిక్కలేరే కూలికి పోతున్నాడు. ఐతే దొరతనం పోయిందా?

ముఠాదారు ఉన్న రోజుల్లోనే పక్కదారిన ఇంకొకడు కొండెక్కాడు. ఉప్పు, కిరసనాయిలు, గుడ్డలు తెచ్చి, చింతపండు, పసుపు, పిప్పళ్ళు, అడ్డాకులు దింపుకొనిపోయే షావుకారు. సంతలో తూకం అతనిది, అప్పు అతనిది, వడ్డీ అతనిది. అప్పు తీరకపోతే మనిషిని పనిలో పెట్టుకొనేవాడు. దీన్నే కొండల్లో గొత్తి అన్నారు. ఇలాంటి అప్పు వెట్టిని ఏజెన్సీలో 1940 రెగ్యులేషను నిషేధించింది. ఐనా 1976లో దేశమంతటికీ మరో చట్టం కావలసి వచ్చింది!

భూమి విషయానికి వస్తే, 1917లోనే ఒకటో నంబరు చట్టం చేశారు. ఏజెంటు అనుమతి లేకుండా కొండవాడి భూమి ఇతరులకు చెల్లదు, వడ్డీ నూటికి 24 దాటకూడదు. 1959లో ఆంధ్ర ప్రదేశ్ ఒకటో రెగ్యులేషను వచ్చింది. 1970 సవరణ దాన్ని బిగించింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి నుంచి గిరిజనేతరుడికి కూడా భూమి మారకూడదు. గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినదేనని చట్టం అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవలసిన భారం పట్టుకున్నవాడిదే. ఇది చెల్లుతుందని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. అరకు పక్కన అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997 జూలై 11న ఆ కోర్టే ఇంకొక అడుగు వేసింది. ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తే', అది కూడా ఏజెన్సీ భూమిని గిరిజనేతరుడికి లీజుకివ్వరాదు అంది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది.

ఇన్ని చట్టాలుండగా కొత్త దొర ఎలా బతికాడు? బినామీగా. పేరు గిరిజనుడిది, పంట మనది. నేను 'మనది' అని రాశాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

7. మా పెట్టె

కిందటి వేసవిలో మా పాత పెంకుటిల్లు విప్పి డాబా వేస్తున్నారు. అటక మీద మా తాత రేకు పెట్టె దొరికింది. అందులో 'కొండ చిట్టా' అని రాసిన పుస్తకం, దానితోపాటు మడత పెట్టిన ఒక తెల్ల కాగితం. చిట్టాలో కుంచం ఉప్పుకు ఇంత పసుపు, పంచెకు ఇంత చింతపండు అని లెక్కలు. కాగితం 1982 నాటిది. రెండు ఎకరాల నలభై సెంట్ల పల్లం, అప్పు కింద 'స్వాధీనం చేయడమైనది' అని రాసి, కింద వేలిముద్ర.

మా నాన్న ఆ కాగితం చూసి, "చదువుకున్నావు కదరా, ఆ బూమి సంగతి నువ్వే సూడాల. మనకి ఏటా సగం పంట వస్తంది. కాయితం మాత్రం గట్టి పరచుకోలేదు" అన్నాడు.

చిన్నప్పటినుంచి సంక్రాంతికి ముందు కొండ నుంచి బస్తాలు దిగడం నాకు తెలుసు. ముందు ధాన్యం, ఇటీవల కాఫీ పిక్కలు కూడా. అవి ఎక్కడివని నేను అడగలేదు.

దసరా సెలవుల్లో పాడేరు బస్సెక్కి వెళ్ళాను. ఘాటీ దాటి, ఇంకో గంట నడక. వేలిముద్ర వేసినాయన పోయి చాలా కాలమైంది. ఆయన భార్య ఉంది. నేనెవరినో చెప్పగానే ఆ ముసలమ్మ లేచి నిలబడింది. మా నానమ్మ వయసు ఆమెది. నేను కూర్చోమన్నా కూర్చోలేదు. "మా ముసిలోడు జొరమొచ్చి పడుంటే మీ తాత మందులకి డబ్బులిచ్చినాడు బావూ. మంచోడే. ఏలుముద్ర అప్పుకనుకున్నాం, బూమికనుకోలేదు" అంది.

తిరుగు బస్సులో నా మూడు పరీక్షలూ నాకే ఎదురు తిరిగాయి. పంటలో వాటా? సగం తీసుకుంటున్నాం. తీర్పు? అప్పు ఎంతైందో, ఎంత తీరిందో మా తాత చిట్టాయే చెప్పింది, వాళ్ళ దగ్గర ఏ పుస్తకమూ లేదు. ఊరికే పని? మా ఊడ్పులకు ఏటా కొండ నుంచి నలుగురు దిగేవారు, వాళ్ళ కూలి వడ్డీలోకి జమ అయ్యేది. మాకు కింద ఉన్నది నాలుగెకరాలు. మా ఊళ్ళో మేము మోతుబరులం కాము. మా నాన్న విత్తనాల కోసం సొసైటీ మెట్ల మీద కూర్చుంటాడు. ఐనా ఘాటీ ఎక్కేసరికి మేమూ దొరలమే!

మా నాన్నతో చెప్పాను, "ఆ కాగితం 1982ది. 1970 చట్టం ముందు అది చెల్లదు. భూమి వాళ్ళదే" అని. మా నాన్నకు కోపం వచ్చింది. "మీ తాత ఉప్పు కావిడి మోసుకొని ఆ గాటీ ఎక్కినాడు. మన్యం జొరం మూడుసార్లు తగిలింది. అప్పుడు ఏ బేంకు వాడు ఆలకి అప్పిచ్చినాడు? ఏ సట్టం మనకి అన్నం పెట్టింది?" అన్నాడు. ఆ ప్రశ్నలో కూడా నిజముంది. గిరిజన సహకార సంస్థ 1956లోనే పెట్టారు కాని అది ప్రతి గుమ్మం దాకా అప్పుడే చేరలేదు. చేరని చోటికి మా తాత చేరాడు. కాని కష్టపడి చేరినంత మాత్రాన భూమి మనదైపోతే, గుర్రమెక్కి వచ్చిన కంపెనీ దొరలను మనం తప్పు పట్టనక్కరలేదు.

8. ముగింపు

భూస్వామ్య వర్గం అంటే కోటలు, ఏనుగులు, తలపాగాలు అని మనం సినిమాల్లో చూశాం. నేను నేర్చుకొన్న పాఠం వేరు. అది మనుషుల పేరు కాదు, ఒక చోటు పేరు. పైన ఉన్న అధికారానికీ కింద ఉన్న చేతులకూ నడుమ ఖాళీ ఎక్కడ ఉంటే అక్కడ ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. జమీందారు లేచిపోతే ముఠాదారు, ముఠాదారు లేచిపోతే షావుకారు, షావుకారు తరవాత మనలాంటి చిన్న రైతు, రేపు చదువుకొన్న ఉద్యోగి. అరకు రోడ్డు పక్కన రిసార్టుల కోసం ఇవాళ ఎవరెవరి పేర్ల మీద భూములు అడుగుతున్నారో మీలో కొండ నుంచి వచ్చిన మిత్రులకు నాకంటె బాగా తెలుసు.

కాబట్టి సోదర విద్యార్థులకు నా మనవి. కొండ పక్క పల్లెల నుంచి వచ్చినవారు మీ ఇళ్ళల్లో అటక మీది పెట్టెలు ఒకసారి దింపి చూడండి. కొండ నుంచి వచ్చిన మిత్రులు మీ పెద్దవాళ్ళు ఎక్కడ వేలిముద్ర వేశారో అడిగి రాసుకోండి. 1970 చట్టం కింద ఆ భూమితో సంబంధం ఉన్నవారు ఎవరైనా అర్జీ పెట్టుకోవచ్చు. చదువు ఈ పనికి కూడా రాకపోతే దేనికి?

ఈ సంక్రాంతికి మా నాన్న కొండకు కబురు పంపలేదు. బస్తాలు దిగలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కాగితం మాత్రం ఇంకా పెట్టెలోనే ఉంది. వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, దాన్ని ఆ ముసలమ్మ చేతిలో పెట్టడానికి నాతో కొండకు రమ్మని మా నాన్ననే అడగాలనుకుంటున్నాను.